కంది పైసలు, రాళ్లవాన

మా నారాయణపేట దిక్కు వానకాలం కంది, బోరు కింద యాసంగి వరి. కంది సంక్రాంతి అటూఇటూగా ఇల్లు చేరుతుంది కాబట్టి రాళ్లవానకు చిక్కదు. వరికి ఆ అదృష్టం లేదు. మార్చి, ఏప్రిల్ సాయంత్రాలు ఈదురుగాలి లేచేనాటికి గింజ గట్టిపడి ఉంటుంది, పెట్టాల్సిన పెట్టుబడంతా పెట్టేసి ఉంటాం. కోతకు ముందు ఆ పదిహేను రోజులే మా భయం.

2023 మార్చిలో రాళ్లవానకు రాష్ట్రంలో చాలాచోట్ల పంటలు పోతే ప్రభుత్వం ఎకరాకు రూ.10,000 సాయం ప్రకటించింది. ఆ సాయం గొప్పదే, కాదనను. కానీ ఎకరాకు 20 క్వింటాళ్లు పండిందనుకున్నా, ఆ ఏటి గ్రేడ్-ఏ మద్దతు ధర రూ.2,060 లెక్కన రూ.41,200. మిగతాది రైతే మోయాలి. ఫసల్ బీమాలో వానకాలం పంటకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, యాసంగికి ఒకటిన్నర శాతమే. 2020లో మన రాష్ట్రం ఆ పథకం నుంచి తప్పుకుంది. అసలు ప్రీమియంలో పెద్ద భాగం ప్రభుత్వాలే కట్టేవి కనుక, ఆ ఒకటిన్నర శాతం మనం దాచుకున్నా బీమాకు సాటి రాదు.

అందుకే మా ఇంట్లో లెక్క కంది అమ్మిన రోజే తేలుతుంది. పోయే వరి విలువంతా దాచడం మావల్ల కాదు. యాసంగి మొత్తం తుడిచిపెట్టుకుపోయినా, జూన్‌లో దున్నకానికి, విత్తనానికి, ఎరువుకు చేయి చాచకుండా ఉండేంత సొమ్ము పోస్టాఫీసులో వేస్తాం. ముందే తీయొద్దని ఇంటామె, నేను మాటనుకున్నాం. బ్యాంకు పంట రుణం కూడా అప్పుడే గడువులోపు కట్టేస్తాం. సకాలంలో కడితే రూ.3 లక్షల దాకా వడ్డీ 4 శాతమే పడుతుంది. బయట నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం! పంట పోయినోణ్ణి రాళ్లకన్నా ఎక్కువ కొట్టేది ఆ వడ్డీయే.

రాళ్లవానకు ముందే కోయాలని వరి నారు నవంబరులోనే పోస్తున్నాం. చలికి ఎదగదని రాత్రిపూట పట్టా కప్పుతాం. ఖర్చు కొంచెం ఎక్కువైనా కోత ముందుకు జరుగుతుంది.

ఊళ్లో కౌలుకు చేసేవాళ్ల సంగతే నన్ను కలచివేస్తుంది. భూమి కాగితం వాళ్ల పేర ఉండదు, పెట్టుబడి మాత్రం వాళ్లదే. మేం కౌలుకిచ్చిన రెండెకరాలకు ముందస్తు తీసుకోవడం మానేశాం. పంట అమ్మినాకే కౌలు, రాళ్లవాన పడిన ఏడు సగమే. సర్కారు సాయం మా ఖాతాలో పడితే ఆ పైసలు దున్నినోడివే.