తాడు పట్టినోడు

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను విశాఖపట్నం పోయి, ఋషికొండ దగ్గర సముద్రంలో స్కూబా డైవింగు నేర్చుకున్నాను. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి పోవటం. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నా మొహం వంక చూసి, "మీ సిన్నానకి మునిగితే డబ్బులిచ్చేవోళ్ళు. నువ్వు ఎదురు డబ్బులు కట్టి మునిగొచ్చావా?" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత పొయ్యికాడికి పోయి చాలాసేపు ఇవతలికి రాలేదు.

మేము మాదిగలం. మా నాయిన, మా సిన్నాన మా టౌన్లో కాంట్రాక్టరు కింద డ్రైనేజీ పని చేశారు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. 2018 డిఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. గాలి లేని చోటికి మనిషి తన ఇష్టంతో, కావలసిన సామానుతో దిగితే ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడాలని చాలా ఏళ్ళుగా మనసులో ఉంది. అందుకే పోయాను.

అక్కడ అన్నిటికన్నా ముందు తనిఖీ నేర్పారు. ఒంటరిగా దిగకూడదు, జతగానే దిగాలి. దిగేముందు ఒకరి సామాను ఒకరు చూడాలి. దానికి ఐదు ఇంగ్లీషు అక్షరాలు బట్టీ పట్టించారు. బి, డబ్ల్యు, ఆర్, ఎ, ఎఫ్.

బి అంటే గాలి జాకెట్టు. ఒక బటను నొక్కితే ఉబ్బాలి, ఇంకోటి నొక్కితే తగ్గాలి. డబ్ల్యు అంటే నడుముకి కట్టుకునే సీసం బరువులు. ఆపదొస్తే ఒక్క లాగుకి ఊడిపోవాలి. ఆర్ అంటే పట్టీలు, బకిళ్ళు. భుజం మీదివి, రొమ్ము మీదివి, నడుమువి, సిలిండరుని పట్టి ఉంచేది, అన్నీ చేత్తో లాగి చూడాలి. ఎ అంటే గాలి. మీటరు వంక చూస్తూ నాలుగుసార్లు పీల్చాలి. ఇక్కడో కిటుకుంది. వాల్వు ఒకసారి తిప్పి మళ్ళీ మూసినా గొట్టంలో మిగిలిన గాలికి మీటరు నిండుగానే చూపిస్తుంది. పీల్చినప్పుడే ముల్లు పడిపోతుంది. కాబట్టి ముల్లు చూసి నమ్మకూడదు, పీల్చి చూసి నమ్మాలి. ఎఫ్ అంటే ఆఖరి చూపు. కళ్ళద్దం, కాళ్ళ రెక్కలు, వేలాడే గొట్టాలు.

"ఎవరిది వాళ్ళు చూసుకుంటే చాలదా?" అని అడిగాను. నేర్పే కుర్రాడు చెప్పాడు: "మీ వాల్వు మీ వీపునుంటది సార్, మీకు కనపడదు. కింద మీకు గాలైపోతే మీరు పీల్చేది ఆయన సిలిండరు గాలే. ఆయన రెండో గొట్టం ఎక్కడుందో పైనే తెలిసుండాలి."

నా జతగాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే అబ్బాయి. మొదటి రోజు టీ తాగుతూ మా ఊరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు. దాంతో తేలలేదేమో, "మీరేమిట్లండీ?" అన్నాడు. "మాదిగలం" అన్నాను. "ఓహో, అలాగా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఇంకేమీ అడగనూ లేదు.

రెండో రోజు ఈతకొలనులో దిగాలి. నేను అతని పట్టీలన్నీ లాగి చూశాను. నా వంతు వచ్చింది. అతను రెండడుగుల దూరంలో నిలబడి, వేలుతో గాల్లోనే చూపిస్తూ, "బి ఓకే, డబ్ల్యు ఓకే, ఆర్ ఓకే, ఎ ఓకే" అని చదివేశాడు. నాకెందుకో కాళ్ళు కదల్లేదు. గొట్టం నోట్లో పెట్టుకుని మీటరు చూస్తూ పీల్చాను. మూడో ఊపిరికి ముల్లు జారింది. వాల్వు మూసే ఉంది.

అతను మనిషి చెడ్డవాడని నేననను. తొందరపాటే కావచ్చు, కొత్త కావచ్చు. కానీ మాలాంటివాళ్ళకి ఆ 'కావచ్చు' అంత సులువుగా రాదు. మా అమ్మమ్మ ఊళ్ళో టీ కొట్టు చూర్లో మా వాళ్ళకని విడిగా దోపి ఉంచిన గ్లాసుని నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లో పట్టి తాగటానికి అంబేడ్కర్ అంతమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చిందని నేను చదువుకున్నాను. ఎదుటివాడు రెండడుగులు దూరం నిలబడితే అది ఎందుకో మా ఒంటికి ముందు తెలుస్తుంది, బుద్ధికి తర్వాత తెలుస్తుంది. ఒక్కోసారి తప్పుగానూ తెలుస్తుంది. ఆ బాధ కూడా మాదే.

"మళ్ళీ మొదట్నుంచి చూడండి. ముట్టుకుని చూడండి" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. అతని మొహం ఎర్రబడింది. దగ్గరకొచ్చాడు. వాల్వు తిప్పాడు. ఒక్కో పట్టీ పట్టుకుని లాగాడు. ఆ రోజు నీళ్ళ అడుగున, గాలి అయిపోయినట్టు గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించి సైగ చేసే అభ్యాసం ఉంటే, అతను తన రెండో గొట్టం నాకిచ్చాడు. నేను అతని గాలి పీల్చాను. పైకొచ్చాక అతను ఆ గొట్టాన్ని బకెట్లో ముంచి కడిగాడు. అందరూ కడుగుతారు, నేనూ నాది కడిగాను. అయినా అతను కడుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతని గురించి కాదు, మా నాయిన గురించి.

మా నాయినకీ సిన్నానకీ ఒక తనిఖీ ఉండేది. ఎవరూ నేర్పలేదు, వాళ్ళే చేసుకున్నారు. మ్యాన్‌హోల్ మూత తీసి, అటూ ఇటూ ఉన్న మూతలు కూడా తీసి, ఒక బీడీ కాలేదాకా కాదు, గంటసేపు వదిలేసేవాళ్ళు. గడతో కలియబెట్టి పక్కకి జరిగేవాళ్ళు. బొద్దింకలు బతికి పాకుతుంటే పరవాలేదనేవాళ్ళు. సిన్నాన నడుముకి నాయిన తాడు కట్టి, ముడి తన చేత్తో మూడుసార్లు గుంజేవాడు. దిగాక ఒక గుంజు గుంజితే బాగున్నా అని, రెండైతే బకెట్టు లాగమని, మూడైతే నన్ను లాగమని. ఎప్పుడూ సిన్నానే దిగేవాడు, నాయినే తాడు పట్టేవాడు. "నా ఒళ్ళు సన్నం గదన్నా" అనేవాడు సిన్నాన.

2004లో, నేను టెన్తు చదివేటప్పుడు, ఒక రోజు కాంట్రాక్టరు మనిషి వచ్చి నిలబడి తొందర పెట్టాడు. రోడ్డు మీద మురుగు పారుతోంది, ఎవరో పెద్దవాళ్ళు ఆ దారిన వస్తున్నారు. గంట ఆగనివ్వలేదు. తాడు ఇంకో చోట పని దగ్గరుంది, తెచ్చుకోనివ్వలేదు. "రెండు నిమిషాల పనికి తాడెందుకురా" అన్నాడంట. సిన్నాన దిగాడు. పిలిస్తే పలకలేదు. నాయిన దూకబోతే నలుగురు పట్టుకుని ఆపారు. ఆపబట్టి బతికాడు. ఆపినందుకు వాళ్ళని ఇప్పటికీ తిట్టుకుంటాడు.

తాగి పడిపోయాడని రాశారు. మా మనిషి కాదని కాంట్రాక్టరు అన్నాడు, మా రిజిస్టర్లో పేరు లేదని ఆఫీసు అంది.

సిన్నానని చంపిన గాలి పేరు నాకు డిగ్రీ ల్యాబులో తెలిసింది. హైడ్రోజన్ సల్ఫైడ్. కిప్ పరికరంలో తయారుచేసేవాళ్ళం. పీల్చకండి, కిటికీలు తెరవండి అని మా లెక్చరరు పదిసార్లు చెప్పేవారు. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు కంపు. ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు. గాలికన్నా బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. కంపు పోయిందని దిగినవాడు నాలుగు ఊపిర్లకి పడిపోతాడు. వాణ్ణి తియ్యటానికి దిగినవాడూ పడిపోతాడు. ఒక్క టెస్ట్‌ట్యూబు గ్యాసుకి నా కోసం అన్ని కిటికీలు తెరిచారు. ఆ రోజు ల్యాబులోంచి బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర ఏడ్చాను.

ఇప్పుడు చట్టముంది. మురుగు కాల్వల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించటం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ ఏడాది నిబంధనల్లో గ్యాస్ మానిటరు, ఊపిరి పరికరం, సేఫ్టీ బెల్టు, ట్రైపాడు పేర్లతో సహా ఉన్నాయి. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇట్లా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలివ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. మా పిన్ని కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉంది. రిజిస్టర్లో లేని మనిషి చచ్చిపోయాడని రుజువు చెయ్యాలంటే ముందు బతికి పనిచేశాడని రుజువు చెయ్యాలి.

ఊరికొచ్చాక మా నాయినకి ఆ ఐదు అక్షరాలూ చెప్పాను. సరదాగా నీళ్ళు చూడబోయేవాళ్ళకి అన్ని పట్టీలు, అన్ని తనిఖీలు అంటే చెవి పెట్టి విన్నాడు.

"తాడు ఎవరు పడతారు?" అన్నాడు.

"తాడుండదు నాయినా."

"మరి పైనోడికెట్టా తెలుస్తది?"

"పైన ఉండరు. ఇద్దరూ కలిసే దిగుతారు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇద్దరూనా" అన్నాడు. తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

దీన్ని చదివే విద్యార్థులకి, కార్యకర్తలకి ఒకటే చెబుతాను. రోడ్డు మీద మూత తీసిన మ్యాన్‌హోల్ పక్కన మన మనిషి కనపడితే దాటిపోకండి. ఆగి అడగండి. గ్యాసు చూశారా? మెషిన్ను ఎందుకు తేలేదు? బెల్టు ఏది? పైన ఎవరున్నారు? ఈ మనిషి పేరు ఏ రిజిస్టర్లో ఉంది? మీరు అడిగితే మిమ్మల్ని కసురుకుంటారు. దిగబోయేవాడే "మాకు అలవాటే, పోండి సార్" అంటాడు. మా సిన్నాన కూడా అదే అనేవాడు. అయినా అడగండి. అడిగితే పని ఆగుతుంది. ఆగనీయండి.