పెద్దకూర కొట్టేసిన ఉత్తరం

పోయిన వారం డిగ్రీ ఫైనలియర్ చదివే కుర్రాడొకడు స్టాఫ్ రూముకొచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. వాడు ఆదివారాలు ఒక చిన్న సంస్థలో పనిచేస్తాడు. ఆ సంస్థ విదేశీ నిధులకి అప్లికేషన్ పెడుతోందంట. అందులోకి "లబ్ధిదారుల కథ" ఒకటి కావాలన్నారంట. వీడు తెలుగులో రాసిస్తే వాళ్లు ఇంగ్లీషు చేసుకుంటారు. "తప్పులు దిద్దిపెట్టండి మేడం" అన్నాడు.

తప్పులు పెద్దగా లేవు. "ఆకలితో అలమటిస్తున్న ఒక దళిత మహిళ" అని మొదలైంది. రెండో పేరాకొచ్చాక, ఎవర్రా ఈమె అని అడిగాను.

"మా అమ్మే మేడం."

ఆమె నాకు తెలుసు. ఫీజు కట్టడానికి రెండుసార్లు కాలేజీకొచ్చింది. మిరపకోతలకి ఇరవై మంది ఆడవాళ్లని వెంటేసుకుని పోయే ముఠా మేస్త్రి. కూలి తేలేదాకా చేలో కాలు పెట్టదని వాడే ఒకసారి గొప్పగా చెప్పాడు. అలమటించే మనిషిని నేనామెలో చూళ్లేదు.

కాగితం దిద్దకుండా పక్కన పెట్టాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. వాడికి చెప్పిన సంగతే మీకూ చెబుతున్నా. ఇలాంటి కాగితాలు రాయడంలో వాడికంటే నాకు సర్వీసెక్కువ.

ఆరో తరగతి నించి పదో తరగతి దాకా నేనొక హాస్టల్లో చదివాను. పేరు అనవసరం. మాలో ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క విదేశీ దాత ఉండేవాళ్లు, మాకు నంబర్లుండేవి. ఏడాదికి రెండు ఉత్తరాలు రాయాలి. వార్డెనమ్మ బోర్డు మీద రాసేది, మేం ఎక్కించుకునేవాళ్లం. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తీసుకున్న నా తొలి రచన అదే. అదీ సొంతం కాదు.

ఏడో తరగతిలో నా దాత నించి మంచు బొమ్మున్న కార్డొచ్చింది. "మీ ఇంట్లో ఏం తింటారు?" అని అడిగిందామె. నాకు ప్రాణం లేచొచ్చింది. బోర్డు చూడకుండా రాశాను. గోంగూర పచ్చడి, ఎండు చేపల పులుసు, ఆదివారం పెద్దకూర, మాయమ్మ దాంట్లో దోసకాయేస్తుంది అని. వార్డెనమ్మ చదివి పెద్దకూర మీద ఎర్రగీత కొట్టింది. దాని వెనకే చేపలూ పోయాయి. "కూరలు తింటున్నామని రాస్తే డబ్బులెవరు పంపిస్తారే?" అంది.

ఆ డిసెంబరులో ఫోటోలు తీశారు. మాయమ్మ పత్తి తీసిన కూలితో క్రిస్మస్‌కి గులాబీరంగు గౌను కుట్టించింది. కిలోకింత లెక్కన తూకమేసిచ్చే కూలి. పత్తికాయ డొప్పలు గీరుకుని వేళ్ల చివర్లు చీరుకుపోయి ఉండేవి. ఆ గౌనేసుకుని వరసలో నిలబడ్డాను. విప్పి పాతది వేసుకురమ్మన్నారు. వేసుకొచ్చాను. ఫోటోలో నవ్వమన్నారు కూడా.

ఇది చెబితే, మరి ఆ తిండి తినలేదా, ఆ చదువు చదవలేదా అంటారు. తిన్నాను, చదివాను. నా ఈడు పిల్లలు మా పల్లెలో చాలామంది పత్తి చేలల్లోనే ఆగిపోయారు. గుంటూరులో డాక్టర్ ఆనా కుగ్లర్ ఆసుపత్రి, ఒంగోలులో క్లౌ దొర బళ్లు లేకపోతే మన పల్లెల్లో మొదటి తరం నర్సులూ పంతుళ్లూ ఎక్కణ్ణించి వచ్చేవాళ్లు? సాయం మీద కాదు నా గొడవ. సాయం రావాలంటే ముందు మన ఇల్లు ఎలా కనబడాలో ఇంకెవరో రాసిపెట్టడం మీద.

క్లౌ మాటొచ్చింది కాబట్టి కాలవ సంగతి చెప్పాలి. 1876-78 కరువుని మనవాళ్లు ధాత కరువంటారు. అది ధాత నామ సంవత్సరం, దాతలకీ దానికీ సంబంధం లేదు (తెలుగు మేష్టర్ల జబ్బు, క్షమించండి). మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోతుంటే, మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌనంటే అరకిలోకి తక్కువే. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషి బతికే తిండి కాదని ఎదురుతిరిగాడు. కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్వుతున్నారు. పనిలోకి పోయిన మాదిగల్ని మేస్త్రీలు కాల్చుకు తింటున్నారు. అప్పుడు అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ కాలవలో మూడున్నర మైళ్ల ముక్కని తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన ప్రసంగీకుల్నే, అంటే మన మాదిగ మనుషుల్నే, మేస్త్రీలుగా పెట్టాడు. పని సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సడలాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

చరిత్రలో ఆ 2,222 అంకె నిలబడింది. మా నాయనమ్మకి ఆ అంకె తెలీదు. ఆమెకి కాలవ తెలుసు. ఒంగోలు నించి కొత్తపట్నం పోతూ కాలవ దాటేటప్పుడు "ఇది మేం తవ్వింది" అనేది. ఆమె పుట్టడానికి అరవై ఏళ్ల ముందు తవ్వారు, అయినా "మేం" అనేది. గంజి పోశారని ఎప్పుడూ అన్లేదు. కూలి చేశాం, కూలిచ్చారు అనేది.

అదే నాయనమ్మ అమెరికా గోధుమల సంగతొస్తే మూతి తిప్పేది. ఎంత ఉడికించినా పలుకు మెత్తబడదని, పెట్టేవాళ్ల ముందు మాత్రం బాగున్నాయనాలని. 1954లో అమెరికా చేసిన పీఎల్ 480 చట్టం కింద వచ్చిన గోధుమల్లో ఎక్కువ భాగం మన ప్రభుత్వం రూపాయలు కట్టి కొన్నదే. అమెరికా రైతుల దగ్గర మిగిలిపోయిన పంటకి అదొక దారి. కొన్నదానికి కూడా దండం పెట్టింది మా నాయనమ్మలు. "వెలుగు" పథకమూ అంతే. మండలాల్లో ఆ ఆఫీసుని ఇప్పటికీ వెలుగు ఆఫీసనే అంటాం. దాని వెనకున్న ప్రపంచబ్యాంకు డబ్బు దానం కాదు, అప్పు. పొదుపు సంఘాల్లో మన అమ్మలు బ్యాంకు అప్పుల్ని నెలనెలా కిస్తీలు కట్టి తీర్చారు. అయినా మీటింగుల్లో వాళ్లని పిలిచేది లబ్ధిదారులనే.

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగ ముసలివాళ్ల నోటి కథలు పోగేసి "వైల్ సోయింగ్ శాండల్స్" అని పుస్తకమేసింది. నేను పీహెచ్‌డీలో ఉండగా చదివాను. మన ముత్తాతల మాట మనకి దొరికేది అమెరికావాళ్ల కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకంలో. ఆమె రాయకపోతే అదీ లేదు. ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ కృతజ్ఞత, కడుపుమంట రెండూ ఉన్నాయి. ఇప్పటికీ వాటిని విడదీసుకోలేదు.

ఇదంతా విని ఆ కుర్రాడు, "మరి ఏం రాయమంటారు మేడం, వాళ్లకి కావాల్సింది ఇదే కదా" అన్నాడు. వాడి ఇబ్బంది నిజమే. ఆ నిధులొస్తే వాళ్ల పల్లెలో సాయంత్రం బడి నడుస్తుంది. ముందు మీ అమ్మనడుగు అన్నాను. అక్కడే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. చేలో ఉన్నట్టుంది, వెనకాల ఆడవాళ్ల మాటలు.

"అమ్మా, మన సంగతి రాయాలి, ఫండ్ కోసం. ఏం రాయను?"

"ఏముందిరా అబ్బయ్యా రాయడానికి. ఎకరం కౌలు తీసుకుంటే మిరపకి నల్లి పడిందని రాయి. పంట పోయినా కౌలు కట్టామని రాయి. బ్యాంకోడు పట్టాదారుకే లోనిస్తానన్నాడని రాయి. నేను ముఠా కడితే ఇరవై ఇళ్లలో పొయ్యి ఎలుగుద్దని రాయి. డబ్బులు వాళ్లేం ఊరికే ఇవ్వక్కర్లా, పిల్లలకి చదువు చెప్పే ఆయనకి జీతమిమ్మను, చాలు." కాస్త ఆగి, "అన్నం తిన్నావా? నిన్న పెద్దకూర వండా, నువ్వు రాలా" అంది.

వాడు ఫోను పెట్టేసి, పాత కాగితం వెనక్కి తిప్పి, ఆమె చెప్పిన వరసలోనే రాశాడు. చివర్న తలెత్తి, "పెద్దకూర కూడానా మేడం?" అన్నాడు.

రాయమన్నాను. మొన్న శుక్రవారం అప్లికేషన్ వెళ్లింది. ఆ సంస్థవాళ్లు ఇంగ్లీషు చేసేటప్పుడు ఏం ఉంచారో, ఏం కొట్టేశారో కాపీ తెమ్మన్నాను. ఇంకా తేలేదు.