అరటికి వచ్చే ఎండు తెగులు

ఈసారి నేను నేర్చుకున్న మాట "తెగులు". మొక్కకి వచ్చే రోగాన్ని తెగులు అంటారు. ఒకటి అయితే తెగులు, చాలా ఉంటే తెగుళ్లు. ఆకుని పురుగు తింటే అది చీడ, తెగులు కాదు.

ఈ మాట నాకు గుడిలో అరటిపళ్ల వల్ల వచ్చింది. శనివారం పళ్ల పెట్టెలు విప్పి, నైవేద్యానికి మంచివి తీసి పెట్టడం నా సేవ. పెట్టె మీద ఒకసారి గ్వాటెమాలా అని, ఒకసారి ఈక్వెడార్ అని, ఒకసారి కోస్టారికా అని ఉంటుంది. దేశం మారుతుంది కానీ పండు మారదు. అన్నీ కావెండిష్ రకమే. మనవాళ్లు పచ్చ అరటి అనేది కూడా ఈ కుటుంబమే. ఒక రోజు గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "ఇక్కడ అమృతపాణి ఎందుకు దొరకదండీ?" అని అడిగారు. నాకు జవాబు తెలియదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

అమృతపాణి మంచి రుచి, మంచి వాసన ఉన్న పండు. కానీ దానికి పనామా తెగులు తొందరగా వస్తుంది. కర్పూర చక్కెరకేళి ఈ తెగులుని బాగా తట్టుకుంటుంది. నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఏమిటంటే, అమెరికావాళ్లు కూడా ఇదే తెగులు వల్ల తమ పండు పోగొట్టుకున్నారు. 1950ల వరకు ఇక్కడి దుకాణాల్లో అమ్మిన అరటిపండు గ్రో మిషెల్ అనే రకం. మధ్య అమెరికా తోటల్లో అది చచ్చిపోతూ వచ్చింది. 1960లలో కంపెనీలు దాన్ని వదిలేసి కావెండిష్ వేశాయి.

తెగులుకి కారణం ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. శిలీంధ్రం పెద్ద మాటే కానీ భయపడకండి. బూజు, పుట్టగొడుగు అన్నీ శిలీంధ్రాలే. 1910లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎర్విన్ స్మిత్, క్యూబా నుంచి వచ్చిన అరటి మొక్కలో చూసి దీనికి పేరు పెట్టారు. ఇది మట్టిలో ఉంటుంది. వేరు నుంచి లోపలికి వెళ్లి, నీళ్లు పైకి తీసుకెళ్లే నాళాలని మూసేస్తుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతో ఎండిపోతుంది. అందుకే తెలుగులో దీన్ని ఎండు తెగులు అంటారు. జరిగేది పేరులోనే ఉంది.

గుర్తుపట్టడం ఇలా. ముందు కింది ముదురు ఆకులు అంచుల నుంచి పసుపు రంగుకి మారతాయి. తర్వాత కాడ దగ్గర విరిగి, చెట్టు చుట్టూ వేలాడతాయి. కాండం కోసి చూస్తే తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రటి, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. కానీ ఏ రకం ఫ్యుజేరియమో కంటితో చెప్పలేం. దానికి ప్రయోగశాల కావాలి.

ఇప్పుడు కావెండిష్‌ని కూడా చంపే రకం వచ్చింది. దాని పేరు టీఆర్4. 2015లో బీహార్‌లో కనిపించింది. 2019లో కొలంబియాలో, 2021లో పెరూలో బయటపడింది. అంటే మన పెట్టెలు వచ్చే వైపే ఉంది. తినే అరటిలో గింజలు ఉండవు, పిలక నాటి పెంచుతారు. పిలక అంటే తల్లి మొక్క పక్కన వచ్చే పిల్ల మొక్క. పిల్ల అచ్చం తల్లే. కాబట్టి ఒక మొక్క తట్టుకోలేనిది తోటంతా తట్టుకోలేదు.

ఈ తెగులు వచ్చాక నయం చేసే మందు లేదు. శిలీంధ్రం మట్టిలో పదుల ఏళ్లు బతుకుతుంది. చేయగలిగింది రాకుండా చూడటమే. ప్రయోగశాలలో పెంచిన శుభ్రమైన మొక్కలు నాటాలి. బూట్లు, పారలు, బండి చక్రాలు కడగాలి. తట్టుకునే రకాలు వేయాలి. అడవి అరటి నుంచి తీసుకున్న జన్యువుతో చేసిన క్యూక్యాట్-4 అనే కావెండిష్‌కి 2024లో ఆస్ట్రేలియా అనుమతి ఇచ్చింది.

పండు తినేవాళ్లకి ఈ శిలీంధ్రం ఏమీ చేయదు. ప్రమాదం పిలకతో, దానికి అంటుకున్న మట్టితో వస్తుంది. ఫ్లోరిడా, టెక్సస్ లాంటి వేడి చోట్ల మనవాళ్లు చాలామంది పెరట్లో అరటి వేస్తారు, స్నేహితులకి పిలకలు ఇస్తారు. ఇవ్వడం మంచి అలవాటే. కానీ ఆకులు పసుపుగా వేలాడుతున్న చెట్టు నుంచి పిలక ఇవ్వకండి, తీసుకోకండి. ఇండియా నుంచి సూట్‌కేసులో పిలక తేవద్దు. అనుమతి లేకుండా తేవడం చట్టానికి కూడా విరుద్ధం.

అందరూ ఒకే రకం వేస్తే ఒక తెగులు చాలు. చాలా రకాలు ఉంటే కొన్నయినా మిగులుతాయి. రకం మిగలాలంటే దాన్ని పేరు పెట్టి అడిగేవాళ్లు ఉండాలి. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లని వాళ్ల ఊరి అరటిపళ్ల పేర్లు అడగండి. విన్నవి తెలుగులోనే రాసుకోండి. నా పుస్తకంలో ఇప్పటికి నాలుగు ఉన్నాయి: అమృతపాణి, కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, బొంత.