గీతకు అటూ ఇటూ కాఫీ

"సైప్రస్ వెళ్ళొచ్చావుగా, మేమూ వెళ్తే ఏమేం చూసుకోవాలో చెప్పు" అని అడిగే స్నేహితురాళ్ళు ఎక్కువైపోయారు. మా అబ్బాయి లిమసోల్‌లో ఓడల కంపెనీలో పనిచేస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో నేనూ మావారూ మూడు వారాలు అక్కడే ఉన్నాం. తెలిసింది చెప్తాను, వినండి.

అది ఒకే దీవి గానీ రెండు ముక్కలు. 1974లో గ్రీసు సైనిక పాలకుల అండతో కుట్ర జరగడం, వెంటనే టర్కీ సైన్యం వచ్చి దిగడం, ఆ గొడవలో ఎవరిళ్ళు వాళ్ళు వదిలి గ్రీకువాళ్ళు దక్షిణానికీ, టర్కీవాళ్ళు ఉత్తరానికీ చేరడం జరిగాయి. మధ్యన సుమారు 180 కిలోమీటర్ల పొడవున ఐక్యరాజ్యసమితి సైనికులు కాపలా కాసే జాగా ఉంది. దాని పేరు గ్రీన్ లైన్. 1963 ఆఖర్లో ఒక బ్రిటిష్ అధికారి నికోసియా పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీసిన గీతట అది. అన్నట్టు, ఆ శాంతిసేనకు నాయకత్వం వహిస్తూ 1965లో అక్కడే కన్నుమూసింది మన జనరల్ తిమ్మయ్యగారే.

విమానం దిగడం లార్నకాలోనో, పాఫోస్‌లోనో దిగండి. టర్కీ మీదుగా ఉత్తరాన దిగితే దక్షిణం ప్రభుత్వం దాన్ని అక్రమ ప్రవేశంగా లెక్కవేస్తుంది. దక్షిణాన యూరోలు, ఉత్తరాన టర్కీ లీరాలు. ప్లగ్గులు ఇంగ్లండులో లాగా పలకల పిన్నులవి. మన గుండ్రటి పిన్నులు పట్టవు. శాకాహారులు బెంగపడక్కర్లేదు. హలూమీ అనే జున్ను కాల్చి పెడతారు, అట్టులా కమ్మగా ఉంటుంది. సరిహద్దు దగ్గర మాత్రం ఫోటోలు తియ్యకండి. మావారు కెమెరా ఎత్తబోతే సైనికుడు వేలు ఆడించాడు. ఆయన మొహం చూడాలి!

ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. అది నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

మా అబ్బాయి ఇంటి ఓనరు ఎనభై ఏళ్ళ ఆవిడ. మొదటి రోజే చిన్న గిన్నెలో కాఫీ కాచి ఇచ్చింది. గొప్ప తెలిసినట్టు "టర్కీ కాఫీ చాలా బాగుందండీ" అన్నాను. ఆవిడ మొహం నల్లబడింది. "ఇది మా కాఫీ" అంది మెల్లగా. మా అబ్బాయి నా కాలు తొక్కాడు. దక్షిణాన దాన్ని గ్రీకు కాఫీ అనో, సైప్రస్ కాఫీ అనో అనాలి. గీత దాటితే అదే గిన్నె, అదే పొడి, అదే నురగ. టర్కీ కాఫీ అనాలి.

తర్వాత ఆవిడే దగ్గరకొచ్చింది. వాళ్ళది ఉత్తరాన కిరీనియా. 1974లో పొయ్యి మీద కూర అలాగే వదిలేసి వచ్చేశారట. 2003లో దారులు తెరిచినా వెళ్ళలేదు. "మా ఇంటికి నేను పాస్‌పోర్టు చూపించి వెళ్ళనా?" అంది. మరి మేం బయలుదేరే ముందురోజు కాగితం మీద ఇంటి గుర్తులు రాసిచ్చి, "పెరట్లో నూతి పక్కన నిమ్మచెట్టు ఉందో లేదో చూడు, అంతే" అంది.

అద్దెకారు బీమా అటు చెల్లదు కనుక కారు వదిలేసి, నికోసియాలో లెడ్రా వీధి దగ్గర పాస్‌పోర్టులు చూపించి నడిచే దాటాం. నిండితే గాని కదలని చిన్న బస్సులుంటాయి, దోల్ముష్ అంటారు. మన సర్వీసు ఆటోలు గుర్తొచ్చాయి. కిరీనియాకి పాతిక కిలోమీటర్లే. అరగంట పైచిలుకు పట్టింది. ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు పట్టినా అందలేదు.

ఇల్లు దొరికింది. చెట్టూ ఉంది, నిండా కాయలతో. గోడ మీంచి చూస్తూంటే లోపల్నించి ఒక ముసలావిడ వచ్చింది, వెనకే మనవడు. "ఎవరు పంపారు?" అని ఇంగ్లీషులో అడిగాడతను. పర్యాటకులం అని తప్పించుకుందామని మావారు కళ్ళతో సైగ చేశారు. ఎందుకో నోరు రాలేదు. నిజం చెప్పేశాను.

ముసలావిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళిపొమ్మనడమే కాబోలనుకున్నాను. పది నిమిషాలకి పళ్ళెంలో మూడు కాఫీలతో వచ్చింది. ఈసారి పేరు సరిగ్గానే చెప్పాను. వాళ్ళదీ ఇక్కడి ఊరు కాదట. 1975లో పాఫోస్ దగ్గరి పల్లెనించి రెండు మూటలతో వచ్చారట. ఇల్లు సొంతమనుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదని మనవడు చెప్పాడు. చెట్టు ఫోటో తీసుకోమని తనే పక్కకి జరిగింది. మేం లేస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది.

"మా వాకిట్లో అంజూరపు చెట్టుండేది, చూశారా అంటోంది" అన్నాడు మనవడు.

ఏం చెప్పను? ఆ ఊరి పేరు రాయించుకున్నాను.

లిమసోల్‌లో ఆవిడ ఫోటో చాలాసేపు చూసింది. "నీళ్ళు పోస్తున్నారన్నమాట" అంది. ఆ ఇంట్లో ఎవరున్నారని మాత్రం అడగలేదు. నేనే చెప్పాను. విని, లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

తిరుగు ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. నిజం చెప్పొద్దని సైగ చేసిన మావారు ఆ రాత్రి పటం పరుచుకుని, కళ్ళద్దాలు సర్దుకుంటూ, "పాఫోస్‌కి పొద్దున్నే బస్సెన్నింటికిరా?" అని అబ్బాయిని అడుగుతున్నారు.