సంగం షాట్

2020 లాక్‌డౌన్‌లో వీడియో ప్రొడక్షన్ కోర్సు ఇంటినుంచే ఆన్‌లైన్‌లో చెప్పాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో కెమెరా పట్టిన దళిత రైతు మహిళలు పైనుంచి కిందికి చూసేదాన్ని ‘పటేల్ షాట్’ అనీ, కంటికి సమానంగా ఉండేదాన్ని ‘సంగం షాట్’ అనీ పిలుచుకున్నారని ఉత్సాహంగా వివరించాను. ఆ క్లాసులోనే, ‘కెమెరాలు ఆన్ చెయ్యకపోతే హాజరు వెయ్యను’ అన్నాను.

ఒక విద్యార్థిని మెసేజ్ పెట్టింది: ‘మాది ఒకటే గది మేడమ్. వెనక అక్క బిడ్డకు పాలిస్తోంది.’

సిగ్గేసింది. పాఠం చెప్పింది సంగం షాట్ గురించి. కూర్చున్నది పటేల్ చోట్లో.

ఆమె అసైన్‌మెంట్‌లో బొమ్మ లేదు. 3 నిమిషాల శబ్దం: బిందెలో పడే నీళ్లు, కుక్కర్ విజిల్, పసిబిడ్డ ఏడుపు, వాటి మధ్య ఫోన్లోంచి సన్నగా నా గొంతు. ఫ్రేములో ఎవరుండాలో, ఎవరుండకూడదో తనే నిర్ణయించుకుంది. హాజరు అందరికీ వేశాను. మళ్లీ కెమెరా ఊసెత్తలేదు.