రెండో రేటు

సూరత్‌లో షేర్ ఆటో ఎక్కి కూర్చోండి. డ్రైవరు సీటు వెనక, సరిగ్గా మీ కళ్లకెదురుగా ఓ స్టిక్కరు ఉంటుంది. ప్రేమ, పెళ్లి, సవతి పోరు, కోర్టు కేసు, వీసా, వ్యాపారంలో మందీ... అన్నిటికీ 24 గంటల్లో గ్యారంటీ పరిష్కారం. కింద ఓ బాబా బెంగాలీ పేరు, ఫోన్ నంబరు. కోర్టు కేసు 24 గంటల్లో తేల్చేవాడు ఆటోల వెనక తిరగడమేమిటండీ, పల్లకీలో హైకోర్టుకు తీసుకెళ్లొద్దూ? నేను నవ్వుకుంటూ చదువుతుంటాను గానీ, పక్క సీటాయన నంబరు ఫోన్‌లో ఎక్కించుకోవడం కూడా చూశాను. అప్పుడు నవ్వు రాలేదు.

"వీళ్లను నమ్మొచ్చా?" అని మీరు సూటిగా అడిగితే నేనూ సూటిగానే చెబుతాను. రేపేం జరుగుతుందో వాళ్లకు తెలీదు. మనకెంత తెలుసో వాళ్లకూ అంతే. కానీ మన గురించి మాత్రం వాళ్లకు చాలా తెలుస్తుంది. కబుర్లు చెప్పుకోవాల్సింది దాని గురించే.

లింబాయత్, డిండోలీ, గోడాదరా వైపు వస్తే మన తెలుగు చెవిన పడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, పెళ్లిళ్లు చేసిన కుటుంబాలు. మున్సిపాలిటీ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతారు. అలాంటి గల్లీలోకి ఓ మధ్యాహ్నం, పగార్లు అందిన వారంలోనే, చంకన బుట్టతో సోదమ్మ వచ్చింది. "సోది చెప్తనమ్మా, సోదీ!" ఆ కేకకు సగం తలుపులు తెరుచుకున్నాయి. ఊరి కేక కదా మరి. గుజరాతీలో అరిచి ఉంటే ఒక్క తలుపూ కదిలేది కాదు.

మా పక్కింటి వదిన పిలిచి గడపలో కూర్చోబెట్టింది. సోదమ్మ ముందు చెయ్యి అడగలేదు, నీళ్లడిగింది. వదిన లోపలికి వెళ్లి చెంబుతో తిరిగొచ్చేలోపు ఆ ముసలామె కళ్లు గదంతా ఓ చుట్టు చుట్టొచ్చాయి. టీవీ మీద మందుల అట్టలు. మేకుకు వేలాడుతున్న స్కూలు యూనిఫాం, ఆడపిల్లది. దండెం మీది చొక్కాకు అంటుకున్న నైలాన్ పోగులు. లోపలి మంచం మీద పట్టపగలు ముసుగుతన్ని పడుకున్న మనిషి. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, వదిన చెయ్యి పట్టుకుంది.

"నీ చేతికి యశస్సు లేదు బిడ్డా. ఎవలకు మంచి జేసినా నీకు పేరు రాదు."

వదిన కళ్లలో నీళ్లు.

"ఇంటాయనకు రాత్రి పని, కంటికి నిద్ర లేదు. పైసలు ఇట్లొస్తయి అట్ల పోతయి. ఆడబిడ్డ రంది ఒకటి లోపల తినబట్టింది. నీ మోకాలి మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ ఉండాలె, చూస్కో."

మచ్చ ఉంది! ఉండక ఏం చేస్తుందండీ? పల్లెలో పుట్టి, చింతచెట్టెక్కి, గోలీలాడి పెరిగినవాళ్లలో మోకాలి మీద మచ్చ లేనివాళ్లను ఒక్కర్ని చూపించండి. ఇక చేతికి యశస్సు లేదన్న మాట. "అవును, చేసిన మేలుకు తగ్గ పేరు నాకు బాగానే వచ్చింది" అనే మనిషిని నేనింతవరకు కలవలేదు.

1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పని క్లాసురూములో చేశాడు. 39 మంది విద్యార్థులకు ఓ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్ల చేతికిచ్చాడు. ఎంత సరిపోయిందో 5 మార్కులకు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం! అందులోని వాక్యాలు చాలావరకు ఫుట్‌పాత్ బడ్డీలో అమ్మే జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరినవి. మన సోదమ్మ ఫోరర్ పేరు విని ఉండదు. ఆయన కాగితం మీద రాసింది ఆమెకు నోటికొచ్చు.

గుజరాతీల్లో ఈ పని బువా చేస్తాడు. కష్టమొస్తే ఆయన దగ్గర "దాణా" చూపిస్తారు. చిటికెడు గింజలు తీసి, లెక్కపెట్టి, సరి బేసిని బట్టి దేవత ఏమందో చెబుతాడు. రెండే జవాబులున్న చోట గుడ్డిగా చెప్పినా సగం నిజమవుతుంది. ఆ సగం మంది ఊరంతా చెబుతారు, మిగతా సగం నోరు మూసుకుని ఇంకో బువాను వెతుక్కుంటారు. చిలక సంగతి మరీ అన్యాయం. రెక్కలు కత్తిరించుకుని, వడ్లగింజ కోసం కార్డు లాగే ఆ జీవికి తన జోస్యమే తెలిసుంటే వలలో పడేదా? పైగా చిలకను పంజరంలో పెట్టడమే వన్యప్రాణి చట్టం కింద నేరం.

"వీధివాళ్లను వదిలెయ్యండి, చదువుకున్న జ్యోతిష్కుల మాటేమిటి?" అంటారా? పుణేలో 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన మిత్రులు ఆ లెక్కా చూశారు. బాగా చదివే పిల్లల జాతకాలు 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు 100 సేకరించారు. పేర్లు తీసేసి, కలిపేసి, ఒక్కో జ్యోతిష్కుడికి 40 ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. చివరికి జవాబులు పంపింది 27 మంది. సగటున నూటికి 46 సరిపోయాయి. అందరికన్నా బాగా చెప్పినాయనకు 40లో 24. బొమ్మా బొరుసూ వేసుకున్నా నూటికి 50 వచ్చేవి కదా!

మరి వదిన తెలివితక్కువదా? ఆ మాట అనకండి. మగడు రాత్రంతా సాంచెల ఖాతాలో, పగలంతా నిద్రలో. పుట్టింటికి వెళ్లాలంటే రైల్లో ఓ పగలూ రాత్రీ. ఆ వారంలో ఆమె చెయ్యి పట్టుకుని, "రంది పెట్టుకోకు బిడ్డా" అని తెలుగులో అన్న మనిషి సోదమ్మ ఒక్కతే. దానికి వదిన ఇచ్చింది 20 రూపాయలు, సోలెడు బియ్యం, ఓ పాత చీర. నన్నడిగితే గిట్టుబాటు బేరమే.

నా పేచీ రెండో రేటుతో. మొదటి మాటకు 10, 20 పుచ్చుకుని ఆశ చెప్పి వెళ్లిపోయేవాళ్లు ఒక రకం. మొదటి మాట ఉచితంగా చెప్పి, "ఇంటి మీద చేతబడి ఉంది, వచ్చే అమావాస్య దాటదు" అని భయం పెట్టి, విరుగుడుకు వేలల్లో రేటు కట్టేవాళ్లు ఇంకో రకం. షట్టరు, ఏసీ, గోడ మీద పెద్దవాళ్లతో ఫొటోలు ఉన్న దుకాణాలన్నీ ఈ రెండో రేటు మీద బతికేవే. అద్దె, స్టిక్కర్ల ఖర్చు 20 రూపాయల సోదితో ఎట్లా వెళ్తాయి? యూట్యూబులో ఉచిత జాతకం చెప్పేవాళ్లదీ ఇదే వరస.

నమ్మకం కుదరడానికి నడుమ ఓ మహిమ కూడా చూపిస్తారు. మంత్రం చదివి నీళ్లు చల్లగానే కొబ్బరికాయ భగ్గుమంటుంది. పీచులో ముందే సోడియం ముక్క దాచి ఉంటే నీళ్లు ఎవరు చల్లినా మండుతుంది, మంత్రం అక్కర్లేదు. సూరత్‌లోనే సత్యశోధక్ సభ అనే సంఘం ఉంది, వాళ్లు ఇలాంటి గుట్లన్నీ జనం ముందు విప్పి చూపిస్తుంటారు.

దయ్యం వదిలిస్తామని కొట్టడం, వాతలు పెట్టడం దాకా వెళ్తే అది రేట్లతో పోయే వ్యవహారం కాదు. గుజరాత్ అసెంబ్లీ 2024 ఆగస్టులో నరబలి, చేతబడి లాంటి అఘాయిత్యాల మీద చట్టం చేసింది. 6 నెలల నుంచి 7 ఏళ్ల దాకా జైలు. మహారాష్ట్రలో ఇలాంటి చట్టం 2013లోనే వచ్చింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను పుణేలో కాల్చి చంపాకే వచ్చింది. న్యూయార్క్ వాళ్లదింకో తమాషా. అక్కడ డబ్బు తీసుకుని జోస్యం చెప్పడం, శాపాలు తొలగిస్తాననడం నేరం. వినోదం కోసమైతే మాత్రం పర్లేదు. అందుకే చాలా దుకాణాలు ఆ "వినోదం" ముక్కను ఓ మూల రాసి పెట్టుకుంటాయి.

మనవాడొకడు రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల దలాలీ చేస్తాడు. ఆ మధ్య మందీలో పార్టీల దగ్గర డబ్బు ఇరుక్కుపోయి, ఉధ్నా వైపు ఓ దుకాణంలో దూరాడు. గురూజీ కళ్లు మూసుకుని శని దోషమన్నాడు, శాంతికి 11,000 అన్నాడు. మనవాడు తల గోక్కున్నాడు. గురూజీ 5,100కు దిగాడు. అలవాటు కొద్దీ మనవాడి నోట బేరం మాట వచ్చేసింది: "క్యాష్ ఇస్తే వటావ్ (తగ్గింపు) ఎంత?"

2,100 చేసుకోమన్నాడట.

"శనిదేవుడికి ఇంత మార్జిన్ ఉంటే నేను చీరలెందుకు అమ్మాలె అన్నా?" అని టీకొట్టు దగ్గర వాడు లెక్క వేసి మరీ చెప్పాడు. నూటికి 80 పైమాటే.