మనవాళ్ళ నాటకానికి సమీక్ష

నాటక సమీక్ష రాయడం హేతువాదికి మంచి కసరత్తు. అది కూడా ఒకరకంగా సాక్ష్యం చెప్పడమే. నాటకం ఆ రాత్రికి ఆడి అయిపోతుంది. మర్నాడు చదివేవాడికి మన మాటే ఆధారం. కళ్ళతో చూసిందేదో, మనం ఊహించుకున్నదేదో విడదీసి చెప్పకపోతే వాణ్ణి మోసం చేసినట్టే.

యూనివర్సిటీలో చదివే రోజుల్లో నేనూ మరో ముగ్గురూ కలిసి ఒక గోడపత్రిక నడిపాం. డ్రాయింగ్ షీట్ల మీద స్కెచ్ పెన్నులతో రాసి హాస్టల్ మెస్ గోడకి అంటించేవాళ్ళం. భోజనం క్యూలో నిలబడ్డవాళ్ళే మా పాఠకులు. నాటకాల సమీక్ష నా వంతు.

ఒకసారి మన భావాలున్న విద్యార్థులే దొంగబాబాల మీద నాటకం వేశారు. గాలిలోంచి విభూతి తీసే బాబా, ఆయన కాళ్ళమీద పడే ఊరు. చివర్లో ఒక చదువుకున్న కుర్రాడొచ్చి, గంజితో ఉండకట్టిన బూడిదని వేళ్ళ సందున దాచే కిటుకు చూపిస్తాడు. పది నిమిషాల్లో ఊరు ఊరంతా మారిపోతుంది!

ముందు వరుసల్లో ఒకటే ఈలలు. వెనకాల మెస్‌లో పనిచేసేవాళ్ళు కూర్చున్నారు. కొందరి మెడల్లో తాయెత్తులున్నాయి. వాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళ మనసులో ఏముందో నేను రాయలేదు. నవ్వలేదని మాత్రం రాశాను. కిటుకు బాగా చూపించారనీ రాశాను. కానీ బిడ్డకి జ్వరమొస్తే ఆ తల్లి బాబా దగ్గరికే ఎందుకెళ్ళింది? ఆ ఊళ్ళో డాక్టరున్నాడా? నాటకం ఆ ప్రశ్నే అడగలేదు. ఎదుటివాళ్ళందర్నీ వెర్రివాళ్ళని చేసి గెలిస్తే అదేం గెలుపని అడిగాను.

పొద్దున అంటించిన షీటు మధ్యాహ్నానికి లేదు. చింపింది భక్తులు కాదు, మనవాళ్ళే. ఒక సీనియర్ గదికొచ్చి, "తమ్ముడూ, మన నాటకాన్ని మనమే తప్పుపడితే వాళ్ళ చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా?" అన్నాడు. "అన్నా, బాబా శిష్యులూ ఇదే అంటారు కదా, గుట్టు బయటపెడితే నమ్మకం పోతుందని," అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. నాకు మొదటిసారి హేతువాద పుస్తకం ఇచ్చింది ఆయనే. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మేం మాత్రం ఆ సమీక్షనే మళ్ళీ రాసి అంటించాం.

గురజాడ సంస్కరణ కోరినవాడే. అయినా 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో వితంతు వివాహం గురించి ఉపన్యాసాలిచ్చేది ఎవరు? గిరీశం! సంస్కరణ మాటలు మోసగాడి నోట కూడా పలుకుతాయని గురజాడ దాచలేదు. బ్రెహ్ట్ కూడా అంతే. 1938లో గెలీలియో నాటకం రాసి, 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డాక దాన్ని తిరగరాశాడు. విజ్ఞానం పక్షాన నిలిచిన తన కథానాయకుణ్ణే బోనులో నిలబెట్టాడు. వీళ్ళ వల్ల సంస్కరణా పాడవలేదు, విజ్ఞానమూ పాడవలేదు.

అవతలివాళ్ళ అబద్ధాన్ని పట్టుకోవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, మన చుట్టూ చప్పట్లు కొట్టేవాళ్ళే ఉంటారు. మన నాటకం చూసి మనవాళ్ళు ఈలలు వేస్తున్నప్పుడు వెనక వరుసలకేసి కూడా ఒకసారి చూడాలి. నాటకం ఎవరికోసం వేశామో వాళ్ళు కూర్చునేది అక్కడే.